మ్యూజిక్ స్టూడెంట్స్‌కి వైజాగ్‌లో ఒక స్టూడియో ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మన దగ్గర సంగీతం నేర్చుకునే పిల్లలకి కొదవ లేదండి, ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ ఉంది, పక్కనే విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాల ఉంది, ఘంటసాల గారు చదువుకున్నది అక్కడే, ఇక కీబోర్డ్ క్లాసులైతే వీధికొకటి, అందులో నాదీ ఒకటి. కానీ ఇదే పిల్లల్లో ఒక నలుగురిని పిలిచి మీరంతా కలిసి ఒక కొత్త పాట కట్టి రికార్డ్ చేసి పట్టుకురండి అంటే దిక్కులు చూస్తారు. వాళ్లననడానికి లేదు, మనం నేర్పింది వర్ణాలు, కీర్తనలు, గ్రేడ్ ఎగ్జామ్ పీసులు, అన్నీ ఎప్పుడో ఎవరో కట్టేసినవే.

బయట పాట పుట్టే పద్ధతే వేరు. సినిమాల్లో చాలావరకు ముందు ట్యూన్ వస్తుంది, దాన్ని లాలలా అనో ఏవో డమ్మీ మాటలతోనో పాడి రచయితకి పంపిస్తారు, ఆయన ఆ కొలతలోనే రాయాలి. ట్యూన్ సాగే చోట దీర్ఘం పడాలి, పరిగెత్తే చోట లఘువులు పడాలి, రాగం తీయాల్సిన చోట "క్క" అనో "ట్ట" అనో వచ్చి కూర్చుంటే పాడేవాళ్లు ఏం చేస్తారు పాపం. ఒక్కోసారి మాట కోసం ట్యూన్‌లో ఒక నోట్ తీసేయాలి, ఒక్కోసారి రాసినవాడే తనకి బాగా నచ్చిన లైన్ వదులుకోవాలి, ఈ బేరాలన్నీ పక్కపక్కన కూర్చుంటేనే తెలిసొస్తాయి. 2023లో ఒరిజినల్ సాంగ్ ఆస్కార్ కీరవాణి గారికీ చంద్రబోస్ గారికీ కలిపి ఇస్తే అందరం పండగ చేసుకున్నాం, మరి అదే పనికి మన సిలబస్‌లో చోటెక్కడ?

రికార్డింగ్ సంగతి ఇంకా ఘోరం. సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు లేవనడానికి లేదు, ఆడాసిటీ, బ్యాండ్‌ల్యాబ్ లాంటివి ఫ్రీగానే దొరుకుతున్నాయి, చేయి పట్టుకుని చూపించేవాళ్లే లేరు. కచేరీలో మృదంగం ఆయన పాడేవాళ్లని కనిపెట్టుకుని వాయిస్తాడు, రికార్డింగ్‌లో తాళానికి హెడ్‌ఫోన్‌లో టిక్ టిక్ అని వినిపించే క్లిక్ మాత్రం ఎవరి కోసమూ ఆగదు, బాగా పాడే పిల్లలు కూడా అక్కడ తడబడతారు. వీణ ఒక శ్రుతిలో, కీబోర్డ్ దాని మామూలు 440 హెర్ట్జ్ పిచ్‌లో పెట్టుకుని రికార్డ్ చేసేసి, అన్నీ కలిపే మిక్సింగ్‌లో చూసుకుందాం అంటారు, అప్పుడు చూసుకోవడానికి ఏమీ మిగలదు. లెవెల్ ఎంత పెంచితే అంత గొప్పనుకుని ఎర్ర లైట్ వెలిగేదాకా తిప్పుతారు, 24 బిట్‌లో రికార్డ్ చేసేటప్పుడు సౌండ్ ఎంత పైకెళ్లినా మైనస్ 6 డెసిబెల్స్ కిందే ఉన్నా నష్టమేమీ లేదు, ఒకసారి పగిలిన సౌండ్ మాత్రం మళ్లీ బాగుపడదు. మృదంగానికి రెండు పక్కలా మైకులు పెడితే ఒక్కోసారి ఫేజ్ కొట్టుకుని, అంటే రెండు మైకుల సౌండూ ఒకదాన్నొకటి తినేసి, తొప్పి వైపు (ఎడమ పక్క) వచ్చే గుంకీ అనే లోతైన నాదం పల్చబడిపోతుంది, ఇది చెప్తే అర్థం కాదు, వినాలి. అన్నట్టు మన సముద్రపు గాలికి స్టూడియోల్లో వాడే సున్నితమైన కండెన్సర్ మైకులు చెమ్మ పట్టి చిటపటలాడతాయి, వాటిని సిలికా జెల్ వేసిన డబ్బాలో దాచుకోవాలని కూడా చెప్పాలి.

ప్రైవేట్ స్టూడియోకి వెళ్తే గంటకింత అని మీటర్ తిరుగుతుంటుంది, ఇంక నేర్చుకునేదెక్కడ. పైగా మా పిల్లలు కొందరు కష్టపడి చేసుకున్న పాట స్టూడియోవాళ్ల పేరుతో ఆన్‌లైన్‌లోకి వచ్చేసింది, రాసినవాళ్ల పేరు లేదు, ట్యూన్ కట్టినవాళ్ల పేరూ లేదు. మన కాపీరైట్ చట్టంలో సాహిత్యం హక్కు వేరు, సంగీతం హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు, హక్కులు రాసిచ్చేసినా రచయితకీ కంపోజర్‌కీ రాయల్టీ వాటా పోకుండా 2012లో సవరణ కూడా తెచ్చారు. ఎవరి వాటా ఎంతో ఒక కాగితం మీద రాసుకుని అందరూ సంతకం పెట్టుకోవడం మొదటి రోజే నేర్పాల్సిన పని, స్నేహితుల మధ్య కాగితాలేంటి అనే మొహమాటం దగ్గరే అన్ని గొడవలూ మొదలవుతాయి.

అందుకని ఏయూ వాళ్లనీ మన కార్పొరేషన్ జీవీఎంసీ వాళ్లనీ అడిగేది ఒక్క గది. పరుపులూ దళసరి కర్టెన్లూ కట్టి, ఒక కంప్యూటర్, మైకుని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, రెండు మంచి మైకులు, నేర్పే ఓపిక ఉన్న ఒక ఇంజినీర్‌ని పెట్టి, ఏ కాలేజీ పిల్లలైనా టీముగా వచ్చి స్లాట్ బుక్ చేసుకునేలా చేస్తే చాలు. జముకు వాయిస్తూ పాడే మన జానపద జముకుల కథ చెప్పేవాళ్లని కూడా అదే గదికి పిలవండి, పిల్లలకి మన ఉత్తరాంధ్ర బాణీలు వాళ్ల దగ్గర తెలిసినంతగా ఇంకెక్కడా తెలియవు, కాకపోతే వాళ్లకి డబ్బులిచ్చి, పేరు వేసి పిలవండి. ఆకాశవాణి విశాఖ కేంద్రంవాళ్లు తమ స్టూడియోలో రికార్డింగ్ జరిగేటప్పుడు అప్పుడప్పుడు స్టూడెంట్స్‌ని కూర్చోనిస్తే ఇంకా మేలు. ఇక ఏడాది చివరి పరీక్షలో సోలోతో పాటు నలుగురు కలిసి చేసిన ఒక పాటకి కూడా మార్కులు పెట్టండి, మార్కులు లేనిదే మా పిల్లలు ఏదీ సీరియస్‌గా తీసుకోరు, వాళ్ల పేరెంట్స్ అసలే తీసుకోరు.

ఇట్లు,
ఒక కీబోర్డ్ మాస్టారు, మధురవాడ, విశాఖపట్నం