బెల్లంకొట్టు బాబాయిగారి మనవడి కోర్టు వ్యవహారం

ఎడిసన్, న్యూజెర్సీ

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాము. పెద్దమ్మాయి సంబంధం విషయం ఇంకా తేలలేదు, తేలగానే మొదట నీకే చెబుతాను. ఈ ఉత్తరం మాత్రం మన బెల్లంకొట్టు బాబాయిగారి మనవడి గురించి. ఎమ్మెస్ చదవడానికి వచ్చాడే, ఆ కుర్రవాడు.

పోయిన నెల ఒక పెద్ద దుకాణంలో, సరుకులు మనమే స్కాన్ చేసి డబ్బు కట్టే సెల్ఫ్ చెకౌట్ దగ్గర కూరగాయలూ పాలూ స్కాన్ చేసి, షాంపూ సీసా, ఫోన్ ఛార్జరు మాత్రం చేయకుండానే సంచిలో వేసుకున్నాడు. రెండూ కలిపి 40 డాలర్లు కూడా ఉండవు. తలుపు దాటగానే కాపలావాళ్లు ఆపి, వెనక గదిలో కూర్చోబెట్టి, కెమెరాలో పడినదంతా చూపించి పోలీసులను పిలిచారు. వేలిముద్రలు తీసుకుని, సమన్లు చేతికిచ్చి పంపేశారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోయి ఉంది, ఎన్నిసార్లు విప్పి చదువుకున్నాడో పాపం. మొదట నాకు చాలా కోపం వచ్చింది. వాడి చదువుకోసం బాబాయిగారు పొలం కుదువపెట్టిన సంగతి గుర్తొచ్చి నోరు పెగలలేదు.

ఇక అసలు విషయం విను. సరుకు విలువ 200 డాలర్ల లోపైతే ఈ రాష్ట్రంలో దాన్ని డిసార్డర్లీ పర్సన్స్ అఫెన్స్, అంటే చిన్న తరహా నేరం, అంటారు. విచారణ మునిసిపల్ కోర్టులో జరుగుతుంది, గరిష్ఠ శిక్ష 6 నెలల జైలు. వాడి గదిలో ఉండేవాళ్లు, "తప్పు ఒప్పేసుకో, కండిషనల్ డిస్మిసల్ ఇస్తారు, ఏడాదిపాటు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తారు" అని ధైర్యం చెప్పారట. అమెరికా పౌరుడికైతే అది మంచి సలహాయే. మనవాడికి అదే ఉరి. ఎందుకంటే 1996 నుంచి వలస చట్టం ప్రకారం, నేరం ఒప్పుకుని, దానిమీద కోర్టు ఏ చిన్న శిక్షో ఆంక్షో విధించినా అది నేర నిర్ధారణే. తరువాత రాష్ట్రం కేసు కొట్టేసినా, రికార్డు చెరిపేసినా లెక్క మారదు. పైగా దొంగతనాన్ని మామూలుగా నీతిబాహ్య నేరాల జాబితాలో చేరుస్తారు, అలాంటి నేరం ఉంటే వీసాకూ ఈ దేశంలో అడుగు పెట్టడానికీ అడ్డు. గరిష్ఠ శిక్ష ఏడాది దాటని, పడిన శిక్ష 6 నెలలు దాటని ఒకే ఒక్క నేరానికి మినహాయింపు ఉంది కాబట్టి వాడికి కొంత ఊపిరి ఆడుతోంది. అలాంటిదే రెండోది పడిందా, ఆ మినహాయింపు ఉండదు.

అది చాలదన్నట్టు, అరెస్టయితే చాలు, తీర్పు రాకముందే వీసా రద్దు చేసే అధికారం ఇక్కడి ప్రభుత్వానికుంది. రద్దయినంత మాత్రాన చదువు ఆగకపోవచ్చు గాని, తాతగారిని చూడడానికి ఒకసారి ఊరు వెళ్లాడంటే మళ్లీ హైదరాబాదు కాన్సులేటు మెట్లెక్కాలి. వీసా దరఖాస్తులో "ఎప్పుడైనా అరెస్టయ్యారా?" అన్న ప్రశ్నకు, కేసు కొట్టేసినా సరే, అవునని రాయాలి. కాదని రాస్తే అది ఇంకో తప్పు, అసలు తప్పుకన్నా పెద్దది. నలభై డాలర్ల వస్తువు, రఘూ! ఒక్కొక్కసారి ఆ కుర్రవాడిని తలుచుకుంటే...

2010లో పడీయా కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు, పౌరుడు కాని ముద్దాయికి తప్పు ఒప్పుకుంటే దేశం విడిచి పోవలసి వస్తుందేమో చెప్పడం డిఫెన్సు లాయరు బాధ్యత అని తేల్చింది. కాని చెప్పే లాయరుండాలి కదా! అందుకే క్రిమినల్ లాయరుతోపాటు ఇమిగ్రేషన్ లాయరునూ పెట్టించాను. దొంగతనం అన్న మాటే లేకుండా కేసును చిన్న తప్పుగా మార్చమని ప్రాసిక్యూటరును అడగబోతున్నారు.

నీ రెండోవాడు ఆగస్టులో వస్తున్నాడు కదా, వాడిని ఎదురుగా కూర్చోబెట్టి ఇదంతా చెప్పు. వాడు అచ్చం నీలాంటివాడు. మన వినాయకుడి పందిరి చందా పంచాయితీలో నువ్వు ఎదుటివాడి మీద చెయ్యెత్తినట్టు ఇక్కడ ఎవరి మీదా చెయ్యెత్తకూడదు. పోలీసులు అడిగితే పేరూ ఊరూ చెప్పి, లాయరుతో మాట్లాడాకే మిగతాదని మర్యాదగా అనమను.

బాబాయిగారికి ఇంకా తెలియదు. నువ్వు ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు ముఖంలో ఏమీ కనిపించనీయకు, ఆయన ఎలా కనిపెడతారో నీకు తెలుసు, ఆ కొబ్బరికాయ నాటి సంగతి... లాయరు ఫోన్ చేస్తున్నాడు, రేపే వాయిదా. మిగతాది రేపు సాయంత్రం.

నీ
మూర్తి