పీల్చమనకు తల్లీ, వదలమను

చి. ల. సౌ. లతకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మొన్న ఫోన్లో నా ఆయాసం విని టెన్షన్ పడ్డావు. "గట్టిగా గాలి పీల్చుకోమ్మా" అని పదే పదే అన్నావు. నా జబ్బుకి కావాల్సింది అది కాదు తల్లీ. సంక్రాంతికి వచ్చేలోపు నీకిది తెలియాలని రాస్తున్నాను.

నాకున్న సీఓపీడీ అంటే ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు సన్నబడిపోయే దీర్ఘకాలిక జబ్బు. అది ఉన్నవాళ్ళకి గాలి లోపలికి పోవడం కన్నా బయటికి రావడమే కష్టం. సన్నబడిన గొట్టాలు ఊపిరి వదిలేటప్పుడు ముడుచుకుపోతాయి. పాత గాలి లోపలే ఉండిపోతుంది. అది పోకపోతే కొత్త గాలికి చోటెక్కడిది? ఇంకా పీల్చమంటే ఇంకా ఉక్కిరిబిక్కిరవుతాను.

అందుకే ఫిజియోథెరపీ అమ్మాయి ముందు వదలడమే నేర్పింది. భుజాలు వదులు చేసి, నోరు మూసి, ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు మామూలుగా పీల్చాలి. తర్వాత పెదాలు గుండ్రంగా చుట్టి, వేడి కాఫీ ఊదినట్టు నాలుగు అంకెల దాకా నెమ్మదిగా వదలాలి. బలవంతంగా ఊదకూడదు. పెదాల దగ్గర ఆ కాస్త అడ్డు ఉండబట్టి లోపలి గొట్టాలు మూసుకుపోకుండా నిలబడతాయి. ఆయాసం మరీ ఎక్కువైతే కుర్చీలో ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించి ఇదే చేస్తాను.

మన పెరంబూరు ఇంటి మెట్లూ అలాగే ఎక్కుతున్నాను. ఆగి పీల్చడం, వదులుతూ మెట్టెక్కడం. కూరల సంచీ ఎత్తినా అంతే, ఊపిరి బిగబట్టను. మీ నాన్న కూడా నాతోపాటే ఆగి ఆగి ఎక్కుతున్నారు, ఆయనకి ఏ జబ్బూ లేకపోయినా!

మీ అత్తగారు చెప్పిన కపాలభాతి మాత్రం నాకొద్దు. ఆవిడ ప్రేమ నాకు తెలుసు. కానీ నాలాంటివాళ్ళు డాక్టర్ని అడక్కుండా వేగంగా గాలి కొట్టడం, కుంభకం పట్టడం (ఊపిరి బిగబట్టడం) మంచిది కాదు. ఇన్‌హేలర్ మానేసి నేను చేసే ఈ పెదాలతో ఊదే వ్యాయామం ఒక్కటే చెయ్యమనేవాళ్ళ మాట అసలు వినకు. పాడైన ఊపిరితిత్తులను ఈ వ్యాయామం బాగుచేయదు, ఆయాసం వచ్చినప్పుడు కంగారు పడకుండా గట్టెక్కిస్తుంది.

సిగరెట్ ముట్టనిదానికి ఇదెలా వచ్చిందని అడుగుతుంటారు. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టంతో కూర్చున్నవాళ్ళకీ వస్తుంది. అందుకే చెన్నైలో భోగి తెల్లవారుజామంటే నాకు భయం. పొగా మంచూ కలిసి విమానాలే ఆలస్యమైన సంవత్సరాలున్నాయి. ఆ పూట కిటికీలు మూసుకుని లోపలే ఉంటాను. పిల్లలకి భోగిపళ్ళు సాయంత్రం ఇంట్లో పోద్దాం.

నేను మాట్లాడలేకపోతుంటే ప్రశ్నలు వెయ్యకు. పక్కన కూర్చుని నువ్వూ నెమ్మదిగా ఊదు, నిన్ను చూసి నా ఊపిరి కుదురుకుంటుంది. రిలీవర్ (ఆయాసం వెంటనే తగ్గడానికి పీల్చే ఇన్‌హేలర్) తీసుకున్నాక కూడా తగ్గకపోయినా, పెదాలు నీలంగా మారినా, నేను మత్తుగా అయిపోయినా ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యి. అల్లుడుగారికీ ఈ ఉత్తరం చదివి వినిపించు.

రైలు టికెట్లు దొరికాయో లేదో చెప్పు.

అమ్మ