మా పల్లి నూనెలో మార్పులు, వాటి వెనుక లెక్క

జడ్చర్లలో మా గానుగ నూనె వాడేవారందరికీ నమస్కారం. ఈ వానాకాలం నుంచి నూనె లీటర్లలో కాకుండా కిలోల లెక్కన అమ్ముతాం. జూలై నుంచి సెప్టెంబరు దాకా నూనెను ఎక్కువ రోజులు తేరనిస్తాం, అంటే మడ్డి అడుగుకు దిగనిస్తాం, కాబట్టి అడిగిన రోజే దొరకకపోవచ్చు. రెండో గానుగ ఇప్పట్లో పెట్టడం లేదు. షాపు ముందు నోటీసు అంటిస్తే సరిపోయేది. కానీ వీటిలో చాలావరకు మీరు అన్న మాటల నుంచే వచ్చాయి, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు నూనె పొంగే సంగతి. "అన్నా, పూరీలు వేస్తుంటే నురగ కట్టి పొంగుతోంది" అని కొందరు చెప్పారు. దీనికి గానుగల దగ్గర ఎప్పుడూ వినిపించే జవాబు ఒకటుంది: గానుగ నూనె అంటే అంతే. అందులో అబద్ధం లేదు. గానుగ ఆడించేటప్పుడు పిండి ముద్ద కట్టడానికి కొద్దిగా నీళ్లు చల్లుతారు. నూనెలో సన్నటి మడ్డి కూడా ఉంటుంది. తడి, మడ్డి రెండూ వేడికి నురగ తెస్తాయి. ఆ జవాబు చెప్పి డబ్బా మార్చి ఇస్తే ఆ రోజుకు సమస్య తీరుతుంది. రేపు ఇంకొకరు అదే మాట చెబుతారు.

మా అన్న కొడుకు పాలమూరు యూనివర్సిటీలో ఎంబీఏ చదువుతున్నాడు. హార్వర్డ్ ప్రొఫెసర్ క్రిస్ ఆర్గిరిస్ 1977లో రాసిన ఒక వ్యాసం గురించి వాడే చెప్పాడు. అందులో ఒక ఉదాహరణ ఉందట: గది మనం పెట్టిన డిగ్రీ కన్నా చల్లబడితే థర్మోస్టాట్ అనే పరికరం హీటరును ఆన్ చేస్తుంది, వేడెక్కితే ఆపుతుంది. అసలు ఆ డిగ్రీ దగ్గరే ఎందుకు పెట్టారని మాత్రం అడగదు. చాలా సంస్థలు కూడా అలా దిద్దుకోవడం దగ్గరే ఆగిపోతాయని, పెట్టుకున్న పద్ధతినే ప్రశ్నించడం వేరే పని అని ఆర్గిరిస్ అంటాడట. మాకైతే డబ్బా మార్చడం మొదటిది. నూనె ఇన్ని రోజులే తేరితే చాలని ఎందుకు అనుకుంటున్నాం అని అడగడం రెండోది.

మా పుస్తకంలో మీరన్న మాటను మీరన్నట్టే రాస్తాం, పక్కన డబ్బా నంబరు, నూనె పట్టిన తేదీ వేస్తాం. వరుసగా చదివితే పొంగుతోందన్న మాటలన్నీ దాదాపుగా వానాకాలం నూనె మీదే ఉన్నాయి. వేసవిలో ఎండకు పెడితే రెండు మూడు రోజుల్లో మడ్డి అడుగుకు దిగుతుంది. ముసురు పట్టినప్పుడు ఎండ ఉండదు, చల్లదనానికి నూనె చిక్కబడి మడ్డి మెల్లగా దిగుతుంది. అయినా అంచనా మీద పద్ధతి మార్చలేదు. పోయిన వానాకాలంలో ఒకే బస్తాల నూనెను రెండు డ్రముల్లో పోసి, ఒకటి ఎప్పటిలాగే, ఇంకొకటి వారం పాటు ఉంచాం. ఏది ఏదో చెప్పకుండా తెలిసిన ఇళ్లకు ఇచ్చాం. వారం తేరిన నూనె పొంగడం తగ్గిందన్నవాళ్లే ఎక్కువ. శ్రావణ మాసంలో నూనె కావాల్సినవాళ్లు దయచేసి వారం ముందే చెప్పి పెట్టండి.

సోమవారం పొద్దున షాపు తెరిచే ముందు అందరం కూర్చుని ఆ పుస్తకం చదువుతాం. అక్కడ నేను చివర మాట్లాడతాను. ఓనరు ముందే తేల్చేస్తే మిగతావాళ్లు తల ఊపడం తప్ప ఏం చేస్తారు? కిలోల లెక్క అలా వచ్చిందే. ఒకే గీత దాకా పోసినా ఎండాకాలం డబ్బా కొంచెం తేలిగ్గా తూగుతోందని నూనె నింపే అక్క చెప్పింది. నిజమే, వేడికి నూనె వ్యాకోచిస్తుంది. పైగా లీటరు పల్లి నూనె సుమారు 910 గ్రాములే ఉంటుంది. లీటరూ కిలో ఒకటే అనుకుని రేట్లు పోల్చుకునేవాళ్లు చాలామంది. ఇక మీ కళ్ల ముందే తూచి ఇస్తాం. రేటు ఎక్కువ కనిపిస్తుంది, నూనె కూడా ఆ మేరకు ఎక్కువే వస్తుంది.

గానుగ దగ్గరుండే పెద్దాయన మాత్రం సోమవారం దాకా ఆగక్కర్లేదు. టయోటా ఫ్యాక్టరీల్లో లైను మీది మనిషి తాడు లాగి పని ఆపించగలిగినట్టే, బస్తా నచ్చకపోతే ఆయన అక్కడికక్కడే ఆపేయొచ్చు, నేను కొన్నదైనా సరే. గుప్పెడు కాయలు వలిచి, గింజలను అరచేతుల మధ్య నలుపుతాడు. పొట్టు రాలాలి. ఒక గింజ పంటి కింద పెడితే టక్కున విరగాలి, మెత్తగా నలిగితే తడి ఉన్నట్టు. తర్వాత బద్దలు విడదీసి బూజు కోసం చూస్తాడు. తడి పల్లీకి పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తేమ కొలిచే మీటరూ ఉంది. ఆయన చెయ్యి, మీటరు ఒకే మాట చెప్పకపోతే బస్తా పక్కకే పోతుంది. ఒకసారి బాదేపల్లి మార్కెట్ నుంచి నేను తెచ్చిన బస్తాలనే ఆయన వద్దన్నాడు. వ్యాపారి ముందు మాట పోతుందని టెన్షన్ పడ్డాను, అయినా వెనక్కి పంపాం. నేను కాదని ఉంటే ఆయన ఇంకెప్పుడూ నోరు తెరిచేవాడు కాదు.

రెండో గానుగ పెట్టమని చాలామంది ప్రేమగా అడుగుతున్నారు. మా వైపు పల్లీ ముఖ్యంగా యాసంగి పంట, ఫిబ్రవరి, మార్చిలోనే ఎక్కువగా చేతికొస్తుంది. రెండు గానుగలకు సరిపడా కొని, ఏడాది పొడవునా పొడిగా నిలవ ఉంచే చోటు మాకు లేదు. ఈ కారణాలను తేదీ వేసి రాసిపెట్టాం. సంక్రాంతి తర్వాత ఆ కాగితం తీసి మళ్లీ చూస్తాం. రాసిపెట్టకపోతే, తర్వాత ఏం జరిగినా "నేను అప్పుడే అన్నా" అని అందరం అంటాం.

కిలో నూనెకు దాదాపు రెండున్నర కిలోల గింజలు పడతాయి. గింజల రేటు కిలోకు 10 రూపాయలు పెరిగితే నూనె ఖర్చు 25 పెరుగుతుంది. ఇకపై బోర్డు మీద నూనె రేటు పక్కనే గింజల రేటు కూడా రాస్తాం.

నూనె బాగున్నా, బాగాలేకున్నా డబ్బా నంబరుతో చెప్పండి. ఖాళీ డబ్బా కడిగి తెచ్చేవాళ్లు ఆ నంబరు చీటీని మాత్రం చింపకండి.