కమాండ్లను తెలుగు అక్షరాల్లో వేస్తే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ కంప్యూటర్ శీర్షికలో, విండోస్ మొరాయిస్తే కమాండ్ ప్రాంప్ట్ (కంప్యూటర్‌కి ఆజ్ఞలు టైప్ చేసే కిటికీ) తెరిచి ‘ఎస్‌ఎఫ్‌సీ స్కాన్ నౌ’ అని కొట్టమన్నారు. విండోస్ సొంత ఫైళ్లలో చెడినవి వెతికి బాగుచేసే కమాండ్ అది. కొట్టాను. మీరు అడ్మినిస్ట్రేటర్ అయి ఉండాలి అంది. ఇంట్లో ఉండేదాన్ని నేనొక్కదాన్నే, ఇంకెవరు అడ్మినిస్ట్రేటర్?

ఆ కిటికీని మామూలుగా కాకుండా, మౌస్ కుడి మీట నొక్కి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరవాలట. అలా తెరిస్తే పైన అడ్మినిస్ట్రేటర్ అని ఉంటుంది, లోపల మన పేరుకు బదులు సిస్టమ్32 అని కనిపిస్తుంది. ఈ ఒక్క వాక్యం మీ వాళ్లు రాసి ఉంటే నాకు ఓ పూట మిగిలేది.

సరే, అలాగే తెరిచి మళ్లీ కొట్టాను. ఈసారి వాడే పద్ధతి ఇదీ అంటూ ఓ పట్టీ చూపించి ఊరుకుంది. తప్పెక్కడంటే, ఎస్‌ఎఫ్‌సీ తర్వాత ఒక ఖాళీ, ఆపైన ముందుకు వాలిన గీత (ప్రశ్నార్థకం ఉండే మీటే), దానికి ఆనించి స్కాన్‌నౌ ఒకే మాటగా ఉండాలి. మీరు గీత మింగేసి, మాటను రెండు చేశారు. నేను ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. రెండు బై మూడుని ‘2 3’ అని అచ్చువేస్తే ఏ పిల్లాడు చేస్తాడు లెక్క?

రెండో కమాండ్ డిజమ్, ఎస్‌ఎఫ్‌సీ వాడుకునే మంచి ఫైళ్ల నిల్వను బాగుచేసేది. అందులో క్లీనప్‌కీ ఇమేజ్‌కీ మధ్య అడ్డగీత ఉండాలి. మీ పేపర్లో అది సరిగ్గా వరుస చివర పడింది. మాట విరిగినప్పుడు వేసే గీత కాబోలనుకుని వదిలేశాను. ఎర్రర్ 87 అని వచ్చింది. టెన్షన్ పట్టలేక బజార్లో రిపేరు కుర్రాణ్ణి అడిగితే, “ఫార్మాట్ కొట్టేయాలి టీచరమ్మా” అన్నాడు. అంటే ఉన్నదంతా చెరిపేయడమే. పన్నెండేళ్ల ఫొటోలున్నాయి అందులో!

చివరికి బెంగళూరులో ఉన్న మనవడికి ఫోన్ చేశాను. “అమ్మమ్మా, 87 అంటే నువ్వు రాసినదాంట్లో తప్పుందని. కంప్యూటర్‌కేం కాలేదు. ఒక్కో అక్షరం చదువు” అన్నాడు. చదివాను. “క్లీనప్ తర్వాత ఏముంది?” “ఏమీ లేదురా, ఖాళీ.” వాడు నవ్విన నవ్వు ఇంకా చెవిలోనే ఉంది.

గీత పెట్టాక నడిచింది. 62 శాతం దగ్గర కదలకుండా కూర్చుంటే కట్టేద్దామనుకున్నాను గానీ, పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి నూరైంది. డిజమ్ మంచి ఫైళ్లను నెట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి నెట్ ఉండాలి. అయ్యాక ఎస్‌ఎఫ్‌సీని మళ్లీ నడిపితేనే పని పూర్తవుతుంది. ఈ రెండూ మీరు రాయలేదు.

కొత్త కంప్యూటర్ కొనుక్కోవచ్చు కదా అంటారేమో. నిజమే, 2025 అక్టోబరు 14తో నా పెట్టెలో ఉన్న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది, దీనికి విండోస్ 11 ఎక్కదు. అయినా పెన్షన్ డబ్బుతో ఇప్పట్లో కొనే ఉద్దేశం లేదు.

పోనీ పక్కింటి పిల్లల్ని అడుగుదామంటే, మా పర్లాకిమిడిలో తెలుగు ఇళ్ల పిల్లలు కూడా చాలామంది ఒడియా, ఇంగ్లిష్ బళ్లకే వెళ్తారు. తెలుగు గలగలా మాట్లాడతారు గానీ చదవడం రాదు. ఇంగ్లిష్ కమాండ్‌ను ఇట్టే చదివే పిల్ల, మీ పేపర్ చేతికిస్తే తెల్లమొహం వేసింది.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరండీ మాది. జనం మాట అచ్చులోకి రావాలని ఆయన పోరాడారు. నాకూ అదే ఇష్టం. కమాండ్ మాత్రం జనం మాట కాదు, యంత్రం మాట. దాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లోనే, విడిగా ఒకే వరుసలో వేయండి. కాలమ్ వెడల్పు చాలకపోతే రెండు కాలమ్‌లు కలపండి. ఖాళీ ఎక్కడో, గీత ఎటు వాలాలో పక్కన తెలుగులో చెప్పండి. వచ్చే ఎర్రర్‌కి అర్థం కూడా తెలుగులో ఇవ్వండి, అది మాకు కావాలి.

వచ్చే ఆదివారం ఆ రెండు కమాండ్లకూ సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా