చిన్నీకి, అమ్మ

చిన్నీ,

నీ గొంతు విని పదకొండు రోజులైంది. పని ఎక్కువై ఉంటుందిలే, నేనేం అనుకోవడం లేదు. తాతయ్య మోకాలి నొప్పి తగ్గింది. పెరట్లో గోంగూర విరగకాసింది. నువ్వు ఉద్యోగం మారతావట, కాకినాడ పిన్ని నాన్నతో అంది. ఆవిడ ఫేస్‌బుక్‌లో చూసిందట: "ఈ మేనేజర్ పీడ ఎప్పుడు వదులుతుందో!"

నా ఇన్‌స్టా ప్రైవేటు కదా అంటావు. కానీ అక్కడ పెట్టింది ఫేస్‌బుక్‌కూ పోయేలా ఎప్పుడో నొక్కేసి ఉంటావు. ఇన్‌స్టా సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్ తెరిచి, ప్రొఫైల్స్ మధ్య షేరింగ్ ఆపెయ్. ఇన్‌స్టాకు వేసిన తాళం ఫేస్‌బుక్‌లో పనిచెయ్యదు. అక్కడ పబ్లిక్ అని ఉంటే పిన్నీ చూస్తుంది, నీ మేనేజరూ చూస్తాడు. చెరిపేటప్పుడు రెండుచోట్లా విడివిడిగా చెరుపు. పాతవాటికి ఫేస్‌బుక్‌లో లిమిట్ పాస్ట్ పోస్ట్స్ అని ఉంది, నొక్కితే పబ్లిక్‌గా ఉన్నవన్నీ ఫ్రెండ్స్ వరకే ఆగుతాయి. నీ స్నేహితులు పెట్టిన గోవా ఫొటోలు మాత్రం వాళ్ళ చేతిలోనే ఉంటాయి, నీ ట్యాగ్ నువ్వే తీసుకోవాలి.

వేళకి తింటున్నావా? రాత్రిళ్ళు పెరుగన్నమైనా తిను.

సుబ్బలక్ష్మి అత్తయ్య వాళ్ళ బాబీ సంగతి నీకు చెప్పలేదు కదూ. కిందటి దసరాకి ఇంటికొచ్చి, అరిసెలు తింటూ, ఉద్యోగాల సైటు లింక్డిన్‌లో ఓపెన్ టు వర్క్, అంటే కొత్త ఉద్యోగం వెతుకుతున్నానని పెట్టాడు. అక్కడ రెండు దారులుంటాయి: ఉద్యోగాలకు మనుషుల్ని వెతికే రిక్రూటర్లకు మాత్రమే కనపడాలా, అందరికీనా అని. వాడు అందరికీ అన్నది నొక్కాడు. ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ వచ్చింది. మురిసిపోయి వాళ్ళమ్మకు చూపిస్తే, పండక్కి పెట్టిన అలంకారమనుకుంది పాపం. మర్నాటికల్లా టీమ్ లీడ్ కంట పడింది. సోమవారం మేనేజర్ పిలిచాడు. వీడికిస్తామన్న ప్రాజెక్టు ఇంకొకరికి పోయింది. కంగారుపడి పట్టీ తీసేస్తే, ఎందుకు తీశావని మళ్ళీ అడిగారు! నాలుగు నెలలు ఏ ప్రాజెక్టూ లేకుండా బెంచ్ మీద కూర్చున్నాడు. రిక్రూటర్లకు మాత్రమే అని పెడితే సొంత కంపెనీ రిక్రూటర్లకు కనపడకుండా లింక్డిన్ జాగ్రత్తపడుతుంది, అయితే పూర్తి హామీ మాత్రం ఇవ్వదు. నౌకరీ అనే ఉద్యోగాల సైటులోనైతే కంపెనీ పేరు ఇచ్చి బ్లాక్ చేసుకోవచ్చు. మీ గ్రూపు కంపెనీల పేర్లూ చేర్చు. లింక్డిన్‌లో ఏదైనా మార్చేముందు, మార్పులు అందరికీ తెలియజెయ్యాలా అన్న మీట ఆపు.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకున్నాను. ఇదొక్కటీ విను. రెజ్యూమే, లింక్డిన్, నౌకరీ, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ, నాలుగూ పక్కపక్కన పెట్టుకుని తేదీలు సరిచూడు. కొత్త కంపెనీ తరఫు వెరిఫికేషన్ వాళ్ళు నీ పీఎఫ్ నంబరు యూఏఎన్‌తో ఎప్పుడు చేరావో ఎప్పుడు మానావో చూస్తారు. మొదటి కంపెనీలో మే దాకా ఉన్నానని లింక్డిన్‌లో రాశావు. మానేసింది ఏప్రిల్‌లో. ఆ నెలేగా ఆటలమ్మ పోసి ఇంటికొచ్చావు, వేపాకులు కోసుకొచ్చింది నేనే. నెల తేడా చిన్నదే, కానీ రాసిందంతా అబద్ధమేమోనన్న అనుమానం పుడుతుంది.

గూగుల్లో ఇన్‌కాగ్నిటో తెరిచి నీ పేరు కోట్స్‌లో పెట్టి, పక్కన కాలేజీ పేరు కూడా కొట్టి చూడు. కొత్తవాళ్ళకు కనపడేది దాదాపు అదే. ఉద్యోగం ఇప్పిస్తానని రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమనేవాడు ఎవడైనా దొంగే. పొరపాటున కట్టేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, నాకు తర్వాత.

ఆ మేనేజర్ అంత చెడ్డవాడా? ఏమన్నాడు నిన్ను? అది నాకు చెప్పొచ్చుగా, ఊరందరికీ చెప్పే బదులు.

కందిపొడి, గోంగూర పచ్చడి పంపుతున్నాను. సీసా మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టు. తడి చెంచా పెట్టకు.

ఇందాకే మళ్ళీ చూశాను, ఆ పోస్టు ఇంకా ఉంది. నలభై మూడు లైకులు. అందులో ఒకటి మీ నాన్నది. నీ ఫొటో చూసి నొక్కేశారు, కింద రాసింది చదవలేదు.

అమ్మ