వార్షిక నివేదిక: మనకో ఫోటో, వాళ్లకో ఫోటో

మన ఫోటోగ్రఫీ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

గుళ్లు, జలపాతాలు చాలు, ఈ ఏడాది ప్రయాణాల్లో సంతలూ బజార్లూ తీద్దామని నిరుడు సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఎవరి ఫోటో తీస్తే వాళ్ల చేతికి ప్రింటు అందాలని కూడా అప్పుడే మినిట్స్‌లో రాసుకున్నాం. మొదటిది తేలిగ్గానే సాగింది. మన సంఘం సమయం, డబ్బు ఎక్కువగా తిన్నది మాత్రం రెండోదే. అందుకే ఈ నివేదికలో దాని గురించే ఎక్కువ చెబుతాను.

సీజన్ జోరు మీద ఉన్న రోజుల్లో గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లాం. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ అని మనవాళ్లు గొప్పగా చెప్పుకునే చోటు కదా, గేటు దాటకముందే తుమ్ములు మొదలయ్యాయి. హమాలీలు ముక్కుకు తువాలు చుట్టుకుని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోస్తుంటే, మనవాళ్లు కళ్లు తుడుచుకుంటూ ఫోకస్ కోసం వెతుక్కున్నారు. అక్కడ చూడాల్సింది బస్తాల గుట్టలు కాదు, చేతులు. కొనేవాడు బస్తా మూతి విప్పి, పైపైన ఉన్నవి పక్కకు నెట్టి, లోపల్నుంచి గుప్పెడు కాయలు లాగుతాడు. వాటిని వెలుతురులో తిప్పి రంగు చూస్తాడు, నలిపి తేమ చూస్తాడు, తాలు (పాడైన కాయలు) ఎంత ఉందో అంచనా వేస్తాడు. సన్నటి తేజా రకానికీ ముడతలు పడిన బాడిగ రకానికీ తేడా మనలో చాలామందికి అక్కడే తెలిసింది. ఆ దుమ్ములో లెన్స్ మార్చడం మాత్రం వద్దు. ఒకే లెన్స్‌తో వెళ్లి రావడం మంచిది.

పెబ్బేరు శనివారం సంతలో ఇంకో రకం చేతులు చూశాం. పశువుల బేరంలో దళారీ, రైతూ తువాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ జనం ఉన్నా అంకె ఎవరికీ తెలియదు. పైకి కనిపించేది కదులుతున్న తువాలూ, ఏమీ తెలియనట్టున్న రెండు మొహాలూ మాత్రమే. మన సభ్యులొకరు మరీ దగ్గరికి వెళ్తే దళారీ నవ్వుతూనే, "జర ఆగు సారూ, మొహం చూస్తే రేటు తెలుస్తది" అన్నాడు. బేరం కుదిరాక తనే పిలిచి ఫోటో తీయించుకున్నాడు. ఆ కాసేపు ఆగడమే ఈ ఏడాది మనం నేర్చుకున్న పెద్ద టెక్నిక్ అని నా అభిప్రాయం.

హైదరాబాద్ లాడ్ బజార్‌లో లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చాక, కెమెరాలు పట్టుకొచ్చేవాళ్లకు లోటు లేదు. దుకాణాల తళతళలు అందరూ తీస్తారు. బొగ్గుల మీద లక్క మెత్తబడుతుండగా చేత్తో సాగదీసి గాజు చేసి, వేడి ఆరకముందే రాళ్లు అద్దే కార్ఖానాల్లోకి వెళ్లినవాళ్లు తక్కువ. మనవాళ్లు వెళ్లారు. రంజాన్ రాత్రుల్లో ఆ సందులో ట్రైపాడ్ పెట్టవద్దని తీర్మానం చేశాం. అది వ్యాపారమయ్యే వేళ, దారికి అడ్డం నిలబడితే ఎవరికైనా చిరాకే.

అడిగి తీయాలా, అడక్కుండా తీయాలా అన్న పాత గొడవ ఈసారీ వచ్చింది. అడిగితే సహజత్వం పోతుందని సీనియర్లు కొందరు వాదించారు. నాకు ఆ వాదన నచ్చలేదు. కెమెరా చూడగానే తోపుడుబండి వాళ్లు అడిగే మొదటి మాట "మున్సిపాలిటీ వాళ్లా?" అని. వీధి వ్యాపారులకు రక్షణగా చట్టం 2014లోనే వచ్చింది, అయినా బండి తీసేస్తారేమోనన్న టెన్షన్ పోలేదు. అలాంటి మనిషిని దూరం నుంచి జూమ్ చేయడం ఏం బాగుంటుంది? బోణీ అయ్యేదాకా కెమెరా బయటికి తీయకూడదని, వద్దంటే వాళ్ల ఎదుటే డిలీట్ చేయాలని, డబ్బులివ్వడం కాకుండా సరుకు కొనాలని చివరికి అందరం ఒప్పుకున్నాం. దీనివల్ల ఇళ్లలో ఉల్లిపాయలు పేరుకుపోయాయని కొందరు ఫిర్యాదు చేశారు. అది రికార్డు చేస్తున్నాను.

ఒడిశాలోని ఒనకడెల్లి గురువారం సంతకు వెళ్దామన్న ప్రతిపాదనను కార్యవర్గం తిరస్కరించింది. బోండా గిరిజన స్త్రీలు కొండ దిగి వచ్చే ఆ సంతలో సరుకుల కంటే మనుషుల్ని చూడ్డానికే వచ్చిన టూరిస్టులు ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టారు. 2012లో అక్కడి ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది కూడా. అనుమతి దొరుకుతుందా అని కాదు, మనం ఆ గుంపులో చేరడమెందుకని.

ఇక ప్రింట్ల సంగతి. సంత వ్యాపారి ఇవాళ ఒక ఊళ్లో ఉంటే రేపు ఇంకో ఊళ్లో ఉంటాడు. పేరు తెలియకపోతే సరుకును బట్టి వెతకాలి. కొన్ని ప్రింట్లు టీకొట్టు వాళ్ల దగ్గర వదిలి వచ్చాం, చాలావరకు చేరాయి. ఒక ఉల్లిపాయల పెద్దమ్మ మాత్రం ఫోటో చూసి తిరిగిచ్చేసింది. నీలం టార్పాలిన్ కింద, మొహం మీద ముడతలన్నీ కనిపించేలా తీసిన ఫోటో అది. మన ప్రదర్శనలో అందరూ మెచ్చుకున్నదే. "ఈ మాసిన చీరలో ఏం బాగున్నాను నాయనా? పండక్కి రా" అంది. వెళ్లాం. కొత్త చీరతో, కాటా ముందు పెట్టుకుని, నిటారుగా నిలబడి లెన్స్‌లోకి సూటిగా చూసింది. టార్పాలిన్ నీలం రంగు మొహం మీద పడకుండా కాస్త ఎండలోకి రమ్మంటే సరేనంది. ఆ ప్రింటు లామినేషన్ చేయించి ఇచ్చాం, వెంటనే సంచిలో దాచుకుంది.

అప్పట్నుంచి ప్రతి మనిషివీ రెండు ఫోటోలు తీస్తున్నాం, మనకు నచ్చినట్టు ఒకటి, వాళ్లకు నచ్చినట్టు ఒకటి. ప్రింటు వేసిచ్చేది రెండోదే. వచ్చే ప్రదర్శనలో రెండూ పక్కపక్కన పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. దీని మీద సమావేశంలో ఓటింగ్ ఉంటుంది.

వచ్చే ఏడాదికి రావులపాలెం అరటి మార్కెట్, కలకత్తా మల్లిక్ ఘాట్ పూల బజారు అనుకుంటున్నాం. రావులపాలెంలో సైకిళ్లకు గెలలు కట్టుకుని వచ్చే రైతుల్ని తీయాలంటే తెల్లవారేసరికి అక్కడ ఉండాలి, లేవలేనివాళ్లు ముందే చెప్పండి. లెక్కల పుస్తకం సమావేశంలో బల్ల మీద ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. చందా బకాయిలు కోశాధికారికి కట్టండి, ప్రింట్ల ఖర్చు అందులోంచే వెళ్లాలి.

కార్యదర్శి