పాత రేజరుకు పూత వేసే ముందు కింద ఏ లోహం ఉందో చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో పాత లోహపు సామాన్లను ఇంట్లోనే కొత్తవాటిలా ఎలా చేసుకోవచ్చో ఒక వ్యాసం వేశారు. అందులో పాత సేఫ్టీ రేజరు గురించి నాలుగే నాలుగు వాక్యాలున్నాయి. గ్లాసులో వెనిగర్ పోసి, గుప్పెడు ఉప్పు వేసి, ఒక పక్క రేజరు, ఇంకో పక్క స్టీలు చెంచా వేలాడదీసి, ఫోన్ ఛార్జరు వైర్లు తగిలిస్తే గంటలో నికెల్ పూత వచ్చి తళతళలాడుతుందట. ఆ నాలుగు వాక్యాల్లో ఎన్ని తప్పులున్నాయో లెక్కపెట్టడం మానేశాను గానీ, ఒకటి మాత్రం మనిషికి హాని చేసే తప్పు. అందుకే ఈ ఉత్తరం. పొడుగ్గా ఉంటుంది, మీకు కావలసినంత కత్తిరించుకోండి, చెంచా సంగతి మాత్రం దయచేసి కత్తిరించొద్దు.

ముందు ఆ చెంచా గురించే చెబుతాను. స్టెయిన్‌లెస్ స్టీల్లో నికెల్ ఉంటుంది, నిజమే. మామూలు రకంలో నికెల్ సుమారు 8 శాతం ఉంటే క్రోమియం సుమారు 18 శాతం ఉంటుంది, మిగతాది దాదాపు అంతా ఇనుమే. కరెంటు పెట్టగానే చెంచాలోంచి నికెల్ ఒక్కటే బుద్ధిగా బయటికొచ్చి రేజరు మీద కూర్చోదు, మూడూ కరుగుతాయి. ఆ కరిగే క్రోమియంలో కొంత హెక్సావేలెంట్ క్రోమియంగా మారే అవకాశం ఉంది, అది క్యాన్సర్ కారకం, చర్మానికి తగిలినా మంచిది కాదు. గ్లాసులో నీళ్లు పచ్చగానో పసుపుగానో మారితే "ఆహా, పని జరుగుతోంది" అనుకుని దగ్గరికి వంగి చూసేది మనమే. నికెల్ పూత కావాలంటే అటువైపు కట్టాల్సింది నికెల్ పట్టీ. చెంచా కాదు, చిల్లర నాణెం కాదు, ఇంట్లో దొరికిన మెరిసే మేకు అసలే కాదు. ఇక గుప్పెడు ఉప్పు ఎందుకో నాకైతే అర్థం కాలేదు. చిటికెడు వేస్తే నికెల్ పట్టీ కరగడానికి సాయం చేస్తుంది, గుప్పెడు వేసి కరెంటు గట్టిగా పెడితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపులేసుకున్న బాత్రూమ్‌లో ఆ పని చేసేవాళ్లను తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

నేను ఇంజనీరును కాను. కెమిస్ట్రీ చదువు కూడా కాలేజీతోనే ఆగిపోయింది. పాత రేజర్లంటే మాత్రం పిచ్చి, కొన్నేళ్లుగా వాటిని విప్పడం, తోమడం, పూత వేయడం ఇదే పని. మొదట్లో నేనూ ఇలాంటి చిట్కా ఒకటి చదివి ఒక రేజరును రాత్రంతా వెనిగర్లో నానబెట్టాను. పొద్దున్నే తీసి చూస్తే తల మీద, అదే బ్లేడు బిగించే భాగం మీద, పూత పొక్కులు పొక్కులుగా లేచి ఉంది, గోటితో గీరితే ఊడి వచ్చింది, కింద బూడిదరంగు లోహం పుచ్చిన పన్నులా గుంతలు పడి కనిపించింది. పిడి మాత్రం చెక్కుచెదరలేదు. పిడి ఇత్తడి, తల ఇంకేదో అని అప్పటిదాకా నాకు తెలియదు, అసలు అడగాలన్న ఆలోచనే రాలేదు.

ఆ ఇంకేదో పేరు జామాక్. జింకులో కొద్దిగా అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిపిన మిశ్రమం, ఆ నాలుగు లోహాల జర్మన్ పేర్ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు అది. అచ్చులో పోయడం సులువు, ఖర్చు తక్కువ, అందుకే ఇప్పటి రేజర్ల తలలు చాలావాటికి ఇదే వాడతారు. పైన క్రోమియం పూత ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. ఎక్కడో ఒకచోట పూత చిట్లి నీళ్లు లోపలికి చేరాయా, ఇక కింద తినేయడం మొదలవుతుంది, పైన పటారం లోన లొటారం అంటే అచ్చం ఇదే. జామాక్ మీద నేరుగా నికెల్ ఎక్కించబోతే పులుపు ద్రావణం ముందు జింకునే కొరుకుతుంది. మైలుతుత్తం నీళ్లలో ముంచి ముందు రాగి ఎక్కిద్దాం అనుకునేవాళ్లూ ఉన్నారు, ముంచగానే రాగి ఎర్రటి బురదలా పట్టుకుంటుంది, తుడిస్తే పోతుంది. ఫ్యాక్టరీల్లో దీనికోసం ఎక్కువగా సైనైడు కలిసిన రాగి ద్రావణం వాడుతూ వచ్చారు, అది ఇంట్లో పెట్టుకునే వస్తువు కాదు. కాబట్టి తల జామాక్ అయితే దాన్ని అలాగే వదిలేయండి, లేదా పిడి ఉంచుకుని తల మార్చుకోండి. తల రెండు ముక్కలు, పిడి ఒకటిగా ఉండే మూడు ముక్కల రేజర్లలో చాలావాటికి మర ఒకే కొలతలో ఉంటుంది.

ఏది ఏ లోహమో కనుక్కోవడం పెద్ద విద్యేం కాదు. పిడి లోపలి వైపో, తల అడుగునో, ఎవరి కంటా పడని చోట సూదితో చిన్న గీటు పెట్టండి. పసుపుపచ్చగా కనిపిస్తే ఇత్తడి, మీ అదృష్టం. బూడిదరంగు కనిపిస్తే అయస్కాంతం పెట్టి చూడండి, గట్టిగా పట్టుకుంటే ఉక్కు. పట్టుకోకపోతే చాలావరకు జామాకో అల్యూమినియమో అయి ఉంటుంది, దూదిలా తేలిగ్గా ఉంటే అల్యూమినియం, చేతికి బరువు తెలిస్తే ఎక్కువగా జామాకే. అల్యూమినియం పిడి ఉన్నదాన్ని వేడి చాకలిసోడా నీళ్లలో వేయకండి, నల్లబడి పాడవుతుంది. బేకలైట్ అనే పాతకాలపు గట్టి ప్లాస్టిక్ పిడి అయితే వేడినీళ్ల జోలికే పోవద్దు.

ఇత్తడి రేజరే అనుకుందాం. 1903లో జిల్లెట్ కంపెనీ మొదటి ఏడాది అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే, ఆ తర్వాత దశాబ్దాల పాటు అందరూ చేసినవి లెక్కలేనన్ని, వాటిలో మంచివన్నీ దాదాపు ఇత్తడి మీద నికెల్ పూతవే. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా తుప్పు పట్టకుండా దొరుకుతున్నాయి. వీటికి చాలాసార్లు కొత్త పూతే అక్కర్లేదు. సబ్బునీళ్లు, మెత్తటి పళ్లుతోమే బ్రష్షు, కాస్త ఓపిక ఉంటే నల్లటి సబ్బు మడ్డి, పచ్చటి చిలుము పోయి కింద పూత చెక్కుచెదరకుండా బయటపడుతుంది. అంచుల దగ్గర కొంచెం ఇత్తడి కనపడితే కనపడనివ్వండి, గడ్డానికేం తేడా తెలియదు. బంగారు పూత ఉన్నవైతే పాలిష్ గుడ్డ కూడా తాకించొద్దు, ఆ పొర ఎంత పలచన అంటే నాలుగు రుద్దులకే పోతుంది.

పూత నిజంగానే పోయిందనుకుంటే, అప్పుడు. ఈ పనిలో కరెంటు పెట్టేది చివరి గంట మాత్రమే, మిగతా రెండు రోజులూ తోమడమే. పూత గీతల్ని పూడ్చదు, ఉన్న గీతను ఉన్నట్టే అద్దంలా మెరిపించి చూపిస్తుంది. పాత నికెల్ మీద కొత్త నికెల్ ఎక్కిద్దామన్నా సరిగా అంటుకోదు, ఎందుకంటే దాని మీద కంటికి కనపడని ఆక్సైడు పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అందుకని మిగిలిన పాత పూతంతా గరుకు కాగితంతో, 400 నంబరు నుంచి మొదలుపెట్టి 2000 దాకా, తీసేయాల్సిందే. నీళ్లలో తడుపుతూ రుద్దండి, పొడిగా రుద్దితే నికెల్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇక్కడే మరో పొరపాటు జరుగుతుంది, నేనూ చేశాను. మెరుపు మోజులో పడి బ్లేడు కింద ఉండే అంచును, అదే చర్మానికి ఆనే కడ్డీని, గుండ్రంగా అయ్యేదాకా రుద్దేశాను. బ్లేడు మందమే మిల్లీమీటరులో పదో వంతు. అంచు అందులో సగం అరిగినా బ్లేడుకీ కడ్డీకీ మధ్య సందు మారిపోతుంది, నిన్నటిదాకా మెత్తగా గీసిన రేజరు ఇవాళ కోయడం మొదలుపెడుతుంది. ఆ రేజరు ఇప్పుడు నా అల్మారాలో అందంగా మెరుస్తూ ఉంది, దాంతో గడ్డం మాత్రం గీసుకోను. కంపెనీ గుర్తులు, అంకెలు ఉన్నచోట కూడా చేయి తేలిక చేయండి. 1950ల నుంచి జిల్లెట్ రేజర్ల మీద ఉండే అక్షరం ఏ ఏడాదో, పక్క అంకె ఆ ఏడాదిలో ఎన్నో త్రైమాసికమో చెబుతుంది, అది పోతే ఆ రేజరు పుట్టినరోజు పోయినట్టే.

తోమడం అయ్యాక జిడ్డు పోవాలి. వేలిముద్ర ఒక్కటి ఉన్నా అక్కడ పూత పొరలా లేచిపోతుంది. చాకలిసోడా నీళ్లతో కడిగి, మంచినీళ్లలో ముంచి పైకెత్తి చూడండి, నీళ్లు ఒకే తెరలా జారితే శుభ్రమైనట్టు, ముత్యాల్లా విడివిడిగా నిలిచాయంటే ఇంకా జిడ్డుంది, మళ్లీ కడగాలి. ఆ తర్వాత వేళ్లతో ముట్టుకోకూడదు, రబ్బరు తొడుగులు వేసుకోవాలి.

కరెంటు విషయానికొస్తే ఫోన్ ఛార్జరు ఇచ్చే 5 వోల్టులు చిన్న రేజరు తలకి ఎక్కువ. పూత నల్లటి మసిలా, పొడిలా వచ్చి చేతికంటుకుంటుంది. తగ్గించి పెంచుకోగలిగే చిన్న పవర్ సప్లై మేలు, అది లేకపోతే ఒకే ఒక 1.5 వోల్టుల బ్యాటరీ అయినా నెమ్మదిగా పని చేస్తుంది. లెక్క కావాలంటే, పది సెంటీమీటర్ల పొడవు పది సెంటీమీటర్ల వెడల్పు ఉన్న జాగాకు ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు పెడితే సుమారు 12 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నికెల్ ఎక్కుతుంది, అది కూడా సరైన నికెల్ సల్ఫేటు ద్రావణంలో. ఇంట్లో వెనిగర్‌తో చేసినదాంట్లో ఇంకా తక్కువే వస్తుంది. అంచులకు ఎక్కువ, లోపలి మూలలకు తక్కువ పడుతుంది కాబట్టి నికెల్ పట్టీలు రెండు వైపులా పెట్టి, రేజరును మధ్యమధ్య తిప్పుతుండాలి. మరల మీద పూత పడకుండా మైనమో టేపో పెట్టండి, లేదంటే తర్వాత పిడి బిగుసుకుపోతుంది. తిప్పితే తలుపుల్లా తెరుచుకునే రకం రేజర్లను అలాగే ముంచేయొద్దు, లోపల ద్రావణం దాక్కుని నెలల తరబడి కారుతూనే ఉంటుంది, విప్పడం రాకపోతే వాటి జోలికి పోకపోవడమే నయం.

నికెల్ పడనివాళ్లు చాలామంది ఉన్నారు, గడియారం గొలుసు తగిలినచోట దద్దురు వచ్చేవాళ్లు ఇంట్లో ఉంటే ఆ రేజరు వాళ్లకివ్వకండి. క్రోమియం పూత గురించి ఒక్క మాటే, ఇంట్లో వద్దు. బంగారు పూత ద్రావణాల్లో చాలావాటిలో సైనైడు ఉంటుంది, దానికి వెనిగర్ లాంటి పులుపు తగిలితే విషవాయువు వస్తుంది, కాబట్టి అదీ వద్దు. ఆ రెండూ కావాలంటే పూత పని చేసే వర్క్‌షాపుకు ఇవ్వండి, ఇచ్చేటప్పుడు కింద లోహం ఏమిటో వాళ్లకు చెప్పండి, అంచులు రుద్దొద్దని కూడా.

మీ వ్యాసంలో అసలే లేని సంగతి ఇంకొకటి. పని అయ్యాక మిగిలిన ఆ పచ్చటి నీళ్లు ఏం చేయాలి? సింకులో పారబోయకూడదు, నికెల్ లవణాలు నీళ్లలో బతికే జీవులకు విషం. నేను మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి, మీద పేరు రాసి, మళ్లీ మళ్లీ అదే వాడతాను. ఇక పనికిరాదు అనుకున్నప్పుడు చాకలిసోడా కొద్దికొద్దిగా కలిపితే నికెల్ పచ్చటి మడ్డిలా అడుక్కి దిగుతుంది. ఆ మడ్డినీ, పైన తేరిన నీళ్లనూ ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. ఇంట్లో పిల్లలుంటే ఆ సీసా ఎక్కడ పెడుతున్నారో ముందే ఆలోచించుకోండి, చూడటానికి అచ్చం షర్బత్తులా ఉంటుంది.

వ్యాసం రాసినవారి మీద నాకు కోపం లేదు, పాత వస్తువును పారేయకుండా వాడుకోమనడం మంచి మాటే. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో, స్టీలు చెంచా వాడొద్దని, ఉప్పు గుప్పెడు వేయొద్దని రెండు వాక్యాల సవరణ వేయండి చాలు. ఈపాటికే ఎవరైనా చెంచాతో మొదలుపెట్టి ఉంటే కరెంటు తీసేసి, ఆ నీళ్లు పారబోయకుండా మూతపెట్టి ఉంచమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు